బడిపిల్లలు కట్టిన దండ

నేను బడికి వెళ్ళి చదువుకోలేదు. మిర్చి కోతలు మొదలైతే మా ఊరి గాలి నాకు పడేది కాదు. బడి పక్కనే కల్లాలు. ఎర్రగా ఆరబోసిన కాయల మీంచి గాలి వీస్తే చాలు, ఉబ్బసం పట్టుకుని రెండేసి రోజులు పిల్లికూతలతో కూచునేదాన్ని. ఒకటో తరగతి సగంలోనే అమ్మ మాన్పించేసింది. "ముందు ఊపిరి ఆడనివ్వండి మాస్టారూ, చదువు నేను చూసుకుంటాను" అందట. చూసుకుంది కూడా. అమ్మ పుణ్యాన పదో తరగతీ ఇంటరూ ప్రైవేటుగా కట్టి పాసయ్యాను.

నాన్నగారు మా ఊరి శివాలయంలో అర్చకులు. గుడికి కావలసిన దండలు అమ్మ కట్టేది. నా చదువంతా ఆ పూలబుట్ట దగ్గరే నడిచింది. ఎదురుగా కూచోబెట్టి పాఠం చెప్పడం అమ్మకి రాదు. ఒక ముడి వేసేది, ఒక మాట చదవమనేది. ఆవిడ రెండో ముడి వేసేలోగా నేను చదివెయ్యాలి. వెయ్యలేకపోతే ఆ పువ్వు తీసి పక్కన పెట్టేది, తిట్టేది కాదు.

నాకు ఇరవై మూడేళ్ళప్పుడు అమ్మ పోయింది. నాకు ఏడుపు రాలేదు. పలకరించడానికొచ్చిన ఆడవాళ్ళు నా మొహం చూసి, ఏమనాలో తెలియక, కాఫీ తాగి వెళ్ళిపోయారు. వంట చేసేదాన్ని, పూలు కోసేదాన్ని, దండ కట్టేదాన్ని. నేను తిన్నానో లేదో కంచం తడిగా ఉందా అని చూసుకుంటే గాని తెలిసేది కాదు. దేవుడి ముందు కూచుంటే అడగడానికి ఏమీ తోచేది కాదు. ఇచ్చినవాటికి దండం పెట్టుకోవడం అమ్మ నేర్పింది కనక, నాన్నగారు ఉన్నారు, ఊపిరి ఆడుతోంది అనుకుని లేచేదాన్ని. అందులో అబద్ధం లేదు. కానీ అది ఇంకెవరి తరఫునో చెబుతున్నట్టు ఉండేది.

ఏడాదిన్నర ఇలా గడిచాక, ఒక ఫిబ్రవరిలో బడి మాస్టారు మా ఇంటికొచ్చారు. మా ఎలిమెంటరీ స్కూలుకి ఆయనొక్కరే. కోతల రోజుల్లో పిల్లలు అమ్మల వెంట కల్లాలకి పోతారు, రంగు పోయిన తాలుకాయలు ఏరడానికీ తొడిమలు తీయడానికీ. ఆయన బండి మీద తిరిగి వాళ్ళని పోగేసుకురావాలి. ఆయన అటు వెళ్తే బళ్ళో ఉన్నవాళ్ళు ఇటు జారుకుంటారు.

"అమ్మాయ్, పొద్దున్నే ఓ గంట వచ్చి కూచోమ్మా. నేనొచ్చేదాకా గోడ దూకకుండా చూస్తే చాలు."

"నేనసలు బళ్ళో కూచున్నదే తక్కువండి మాస్టారూ."

"కూచోడానికి ట్రైనింగ్ ఎందుకే తల్లీ! గాలి పడకపోతే కిటికీ మూసుకో."

నాన్నగారు వెళ్ళమన్నారు. వెళ్ళాను.

మొదటి రోజు పదకొండు మంది ఉన్నారు. నన్ను చూసి అందరూ లేచి రాగం తీస్తూ "గుడ్ మాణింగ్ టీచర్" అన్నారు. అని, అలాగే నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. కాసేపటికి ముందు వరసలో బొద్దుగా ఉన్న పిల్ల జాలిపడింది.

"అక్కా, నువ్వు సిడ్డౌన్ అనాలి."

అన్నాను. కూచున్నారు. ఆ గంటా వాళ్ళు నన్ను, నేను వాళ్ళని చూస్తూ కూచున్నాం.

మూడో రోజు పూలబుట్ట బడికి పట్టుకెళ్ళాను. గొప్ప ఆలోచనేం కాదు. సాయంత్రం పూజకి దండ కావాలి, ఇంట్లో పని తెమల్లేదు. కింద కూచుని కడుతుంటే ఒక్కొక్కరే చుట్టూ చేరారు. తలా కొంచెం అరటినార ఇచ్చి, బోర్డు మీద మాటలు రాసి, ముడికో మాట అన్నాను. ఇక గోల మొదలైంది.

"ఒరేయ్, అది దండా? మీ గేదె పలుపుతాడా?"

"నీ మొహం. ముందు నువ్వు గన్నేరు చదువు."

"గ... గన్నే... మా ఇంటి ముందరుండేది!"

"అది చదవడం కాదురా, చెప్పడం!"

రెండో తరగతి పిల్ల ఒకతి మాట్లాడకుండా కడుతోంది. మాస్టారు అప్పుడే కల్లం నుంచి పంపిన పిల్ల. తొడిమలు తీసి తీసి వేళ్ళు ఎర్రగా పొంగి ఉన్నాయి. ఆ వేళ్ళతో కళ్ళు నులుముకుంటే ఏమవుతుందో నాకు తెలుసు. మిర్చి ఘాటుకి అప్పటికే నా గొంతులో గరగర మొదలైంది.

"నువ్వు చేతులు కడుక్కురా" అన్నాను.

ఆ పిల్ల చేతుల వంక చూసుకుంది. కట్టిన జానెడు దండా కింద పెట్టి బయటికి వెళ్ళింది. మళ్ళీ రాలేదు. ఎటు పోయిందో నేను చూడలేదు. గంటయ్యాక రాలిన పూలతో పాటు ఆ జానెడు ముక్కనీ ఊడ్చి పారేశాను.

మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. నేను అడగను కూడా లేదు. నాలుగోనాడు ఆ బొద్దుపిల్లే చెప్పింది.

"అది ఇంక రాదక్కా. పూలు ముట్టుకోవద్దన్నావుగా."

"నేనెప్పుడన్నాను?"

"చేతులు కడుక్కోమన్నావుగా. మమ్మల్ని అన్లేదుగా."

"మిర్చి చేతులని అన్నానమ్మా."

"మరి ఆ ముక్క చెప్పాలిగా!"

ఆ పిల్ల ఊరి చివర కాలనీలో ఉంటుంది. చర్చికి వెళ్ళే కుటుంబం. గుళ్ళో పంతులుగారి కూతురు పూల దగ్గర కూచుని ఒక్క తనని మాత్రమే చేతులు కడుక్కోమంటే ఆ మాట ఎలా వినిపిస్తుందో నాకు తట్టలేదు. అమ్మ పోయిన దిగులులో తట్టలేదని చెప్పుకోవచ్చు. కానీ అమ్మ ఉన్న రోజుల్లోనూ నాకు తట్టేది కాదు.

మాస్టారితో చెప్పాను. ఆయన అప్పటికే రెండుసార్లు వెళ్ళొచ్చారట. "వాళ్ళ నాయనమ్మ పంపనంటోంది. ఈ కోతలు అయ్యేదాకా మానితే ఇంక ఆ పిల్ల బడి మొహం చూడదమ్మా. నేను చాలామందిని పోగొట్టుకున్నాను ఇట్లా" అన్నారు.

మూతికి తడి తువ్వాలు కట్టుకుని కల్లానికి వెళ్ళాను. అన్నేళ్ళూ కిటికీలోంచి చూసిన ఎరుపు అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఆడవాళ్ళు వరసగా కూచుని ఏరుతున్నారు. పిల్ల తలెత్తలేదు. నాయనమ్మ ఎత్తింది.

"ఏందమ్మా పంతులమ్మాయ్, దారి తప్పావా?"

"మీ మనవరాలిని బడికి పంపండి పెద్దమ్మా."

"చేతులు కడిగి పంపమంటావా, కడక్కుండానా?"

అందరూ నవ్వారు. నాకు దగ్గు తెర తగ్గేదాకా నవ్వుతూనే ఉన్నారు.

"మిర్చి కళ్ళల్లో పెట్టుకుంటుందని అన్నాను. ఎందుకో చెప్పకుండా అన్నాను. తప్పు నాదే."

"నడక రాకముందు నుంచీ కాయల్లో పడి పెరిగింది. కళ్ళు ఎట్టా తుడుచుకోవాలో దానికి తెలవదా? జబ్బతో తుడుచుకుంటది. నువ్వు నేర్పాలా?"

అప్పుడు పిల్ల అడిగింది, కాయల్లోకే చూస్తూ.

"నేను కట్టింది సామికి ఏశారా?"

"లేదు. ఊడ్చేశాను."

"మళ్ళీ కడితే ఏస్తారా?"

వేస్తారని అనేస్తే పోయేది. నోరు రాలేదు. మిగతా పిల్లలు కట్టినవి కూడా నేను కట్టినవేనన్నట్టు నాన్నగారికి ఇస్తున్నాను మరి.

"నాకు తెలీదు. నాన్నగారిని అడిగి చెప్తాను."

"అడిగి రా, పో. అప్పుడు చూద్దాం" అంది నాయనమ్మ.

ఆ సాయంత్రం నాన్నగారికి మొత్తం చెప్పాను. ఆయన ఉత్తరీయం మడత పెడుతూ విన్నారు.

"మీ అమ్మ ఉంటే ఏమనేదో."

"అమ్మ లేదు నాన్నగారూ."

ఏడాదిన్నరలో ఆ మాట నేను పైకి అనడం అదే మొదలు. ఆయన మడత ఆపారు.

"తీసుకురా. వేస్తాను. ఎవరికీ చెప్పకు."

వేస్తానన్నందుకు మనసులోనే దండం పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పకు అన్నందుకు మాత్రం పెట్టుకోలేకపోయాను.

వేస్తారని నాయనమ్మకి కబురు పెట్టాను. పిల్ల వచ్చింది. పంపు దగ్గర మోచేతుల దాకా తనే కడుక్కుని, రెండు చేతులూ నా మొహం ముందు పెట్టి "చూడు" అంది. నేను చూడలేకపోయాను. కొబ్బరినూనె తెచ్చి ఆ వేళ్ళకి రాశాను. ఆ రోజు మూరెడు కట్టింది. ముడికి మాట కాదు, అక్షరమే వచ్చింది, అదీ కొన్నిటికే. చదవలేనప్పుడు పువ్వు తనే తీసి పక్కన పెట్టుకుంది.

మర్నాడు "వేశారు" అని చెప్పాను. ఎవరికీ చెప్పకు అని ఆ పిల్లతో అనడం నా వల్ల కాలేదు. అది బెంచీ ఎక్కి, "మా దండ ఏశారంట!" అని అరిచింది. మధ్యాహ్నానికి ఊరంతా తెలిసింది.

సాయంత్రం గుడి పెద్ద ఒకాయన వచ్చారు. నేను మండపంలో ప్రమిదలు తోముతున్నాను.

"పంతులుగారూ, నేను విన్నది నిజమేనాండీ?"

నాన్నగారు నా వైపు చూశారు. లేదనేస్తారనుకున్నాను. అన్నా నేను ఏమీ అనేదాన్ని కాదేమో.

"మా అమ్మాయి బడిపిల్లలు కట్టారండి" అన్నారు.

"ఏ పిల్లలని అడుగుతున్నా."

"చెప్పానుగదండీ. మా అమ్మాయి పిల్లలు."

ఆయన తీర్థం పుచ్చుకోకుండా వెళ్ళిపోయారు. నెల రోజులు గుడికి రాలేదు. నాన్నగారు ఆ విషయం నాతో ఒక్కసారి కూడా ఎత్తలేదు, దండలు తీసుకోవడమూ మానలేదు.

ఆ సాయంత్రం నాన్నగారన్న మాట విని సంతోషం పొంగిందని రాస్తే అబద్ధం. ప్రమిదలు తోముతూనే ఉన్నాను. ఆ పిల్లకి ఇంకా ఎన్ని అక్షరాలు రావో మాత్రం లెక్క వేసుకుంటున్నాను.

తను కట్టిన దండ స్వామి మెడలో ఎలా ఉందో ఆ పిల్ల చూడలేదు. నేను తీసుకెళ్ళలేదు, తను అడగలేదు. నాన్నగారి కోసం దండం పెట్టుకునేటప్పుడు ఇది కూడా చెప్పుకుంటాను, దాచకుండా.

గుడి పెద్ద వచ్చి వెళ్ళిన మర్నాడే మాస్టారిని అడిగాను, టీచర్ ట్రైనింగ్ పరీక్షకి ఎప్పుడు కట్టాలని.

"ఎవరికమ్మా?"

"నాకేనండి."

ఆయన నన్ను, నా వెనక కిటికీని, అవతలి కల్లాన్ని చూశారు. గాలి సంగతి అడుగుతారనుకున్నాను. అడగలేదు. అటెండెన్సు రిజిస్టరు నా చేతికిచ్చి, "అయితే ఇవాళ నువ్వే పిలువు" అన్నారు.