గుట్ట మీద ఏమీ లేవన్నాను

ఈ మాట ఎన్నేళ్లుగా మోస్తున్నానో మీకెలా చెప్పాలి? తెలంగాణ వచ్చిన కొత్తలో జరిగింది. అప్పటికి తల నిండా జుట్టు ఉండేది, నోటి నిండా మాటలుండేవి. ఇప్పుడు రెండూ పలచబడ్డాయి. ఇదొక్కటే తగ్గలేదు. ఎలుకల సంగతి అంటే మీరు నవ్వుతారేమో. నవ్వండి. నేనూ ఇన్నాళ్లు నవ్వి తప్పించుకున్నవాణ్ణే.

రేణుకా నేనూ ఒకే సారు దగ్గర పరిశోధన చేసేవాళ్లం. ఆమెది మర్రిగూడ. చిన్నప్పటి నుంచి తాగిన ఫ్లోరైడ్ నీళ్లు ఆమె మోకాళ్లను వంచేశాయి. చదును నేల మీద నడుస్తుంది, గుట్ట ఎక్కలేదు. అలాంటి మనిషి ఎంచుకున్నదేమో, ఎత్తు పెరిగేకొద్దీ ఎలుకల రకాలు ఎలా మారతాయన్నది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదేనమ్మా అని సారు ఆటపట్టించేవారు. తిండి ఉన్నచోటే ఎలుక ఉంటుంది, బండ మీద ఏం తిని బతుకుతుందని ఆయన వాదన. రేణుక ఒప్పుకునేది కాదు. కింద పత్తిచేలలో పందికొక్కులు ఎన్నైనా ఉండొచ్చు, కానీ అన్నీ ఆ ఒకటి రెండు రకాలే. పైన రాయి వేరు, పొద వేరు, గాలి వేరు, కాబట్టి తలలు తక్కువైనా రకాలు ఎక్కువుంటాయని ఆమె నమ్మకం. అది తేల్చడానికి కొత్తకోట దగ్గర ఒక గుట్టను ఎంచుకున్నాం. కింద ఆమె, పైన నేను.

పొద్దుగూకే వేళ రేకు పెట్టెల్లో వేయించిన పల్లీలు, ఎండుచేప ముక్క పెట్టి తెరిచి ఉంచాలి. ఎలుక దూరగానే మూత పడిపోతుంది. తెల్లారగానే వెళ్లి, లోపల పడినవాటిని చూసి, రాసుకుని వదిలేయాలి. ఆలస్యమై ఎండ తగిలిందా, ఆ పెట్టె పెనమే. అంతకుముందు విడతల్లో కోతులు పెట్టెలు తిరగేసి పల్లీలు తిని పోయాయి. నడి ఎండాకాలంలో ఆఖరి విడత మిగిలింది.

ఆ సాయంత్రం పెట్టెలు తెరిచి దిగుతుంటే కొత్తకోట దోస్తు కబురు పంపాడు. వాళ్లింట్లో యాట కోశారట. దావత్‌కు పిలిస్తే పోకపోవడం మా దగ్గర పెద్ద తప్పు. పోయాను. కల్లు తాగాను. నన్నెవరూ బలవంతం చేయలేదు, అది కూడా చెప్పాలి. లేచేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది.

రేణుక కంట పడకుండా గుట్ట వెనక వైపు నుంచి పరుగెత్తి ఎక్కాను. చాలా పెట్టెల మూతలు పడి ఉన్నాయి. ముట్టుకుంటే చెయ్యి కాలింది. లోపల అన్నీ చచ్చిపోయాయి. వీపున ముళ్లలాంటి వెంట్రుకలున్న చిన్నది. ఒంటికంటే పొడుగు తోక, తోక కొనకు కుచ్చు ఉన్నది. పేరైనా తెలియని ఎర్రటిది. అది పెట్టెలోనే ఈనింది. పిల్లలు ఇంకా కళ్లు తెరవలేదు.

రేణుక చెప్పినవే అన్నీ. చచ్చినవైనా సరే, తీసుకెళ్లి చూపిస్తే ఆమె మాట నిలిచేది. కానీ ఎలా చచ్చాయని అడుగుతారు కదా? సారు నన్ను వెళ్లగొడతారు కదా? ఆమె మాట కంటే నా సీటు పెద్దదైంది. బండ పక్కన గుంత తీసి అన్నిటినీ పూడ్చాను. పెట్టెలు మట్టితో రుద్ది తుడిచాను. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర. నేను దొరకలేదు.

కింద వేపచెట్టు నీడలో ఆమె ఎదురుచూస్తోంది.

"పైన ఏమన్న దొర్కినయా?"

"ఏం లేవు."

"ఒక్కటి గూడ లేదా?"

"లేదు రేణుకా. మూతలు గూడ పడలే."

ఆమె గుట్ట వైపు చూసింది. "మంచిగ చూసినవ్ గదా. నువ్వు చూస్తే నేను చూసినట్టే" అంది.

సారు గెలిచారు. ఆమె కొన్నాళ్లకు పరిశోధన మానేసింది. కాళ్లు సహకరించక అని అందరూ అన్నారు, నేనూ అన్నాను. ఎంత సులువుగా అన్నానో తలచుకుంటే ఇప్పటికీ కూర్చున్నచోట కూర్చోలేను.

పోయినేడు నల్గొండలో ఆమె చదువు చెప్పే బడికి వెళ్లాల్సి వచ్చింది. నన్ను చూసి సంబరపడింది. చెయ్యి పట్టుకుని క్లాసులోకి తీసుకెళ్లింది. "బండగుట్టల మీద ఎలుకలు బతుకయని మొన్న చెప్పిన గదా. నేను ఎక్కలే. గీ సారే ఎక్కి చూసిండు" అని పిల్లలకు చెప్పింది. వాళ్లంతా నా వైపు చూశారు. నేను తలూపాను. మొదటిసారి భయపడి అబద్ధమాడాను అనుకుందాం. మరి అప్పుడెందుకు తలూపాను?

మీకు చెప్పినంత మాత్రాన ఆమెకు చెప్పినట్టు కాదు. ఆమె ఎదుట నిలబడే ధైర్యం ఇంకా రాలేదు, వస్తుందని మాటా ఇవ్వలేను. కానీ ఇవాళ ఇంతవరకు రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆ గుట్ట మీద ఎలుకలున్నాయి. ఆమె చెప్పిందే నిజం.