పక్కింటి నంబరు

రేపల్లెలో చర్చి వెనక వీధికి మొదటి టెలిఫోను 1988లో కాంతమ్మగారింటికి వచ్చింది. దానికి దరఖాస్తు పెట్టింది ఆమె భర్త యాకోబు. పెట్టిన ఐదేళ్లకు ఫోను వచ్చింది గాని, అప్పటికి ఆయన పోయి ఏడాదిన్నర దాటింది. లైన్‌మన్ వచ్చి గోడకు మేకులు కొడుతుంటే, ఇప్పుడిది నాకెందుకు బాబూ అందామనుకుని కూడా ఊరుకుంది. ఆయన కట్టిన డిపాజిట్టు, ఆయన పెట్టిన సంతకం. వద్దనడానికి నోరు రాలేదు.

వాళ్లకు పిల్లల్లేరు. కాంతమ్మ మిషన్ స్కూల్లో ముప్పై ఒక్క ఏళ్లు మూడో తరగతికి పాఠాలు చెప్పి రిటైరైంది. ఫోను వచ్చాక ఆ వీధిలో వాళ్లందరూ టీచరమ్మగారి నంబరునే తమ నంబరుగా చుట్టాలకు ఇచ్చుకున్నారు. ఆమెకూ అది బాగానే ఉండేది. ఎవరికి ఎక్కణ్ణుంచి ఫోనొచ్చిందో, ఏమన్నారో మరిచిపోకుండా ఒక నోటుబుక్కులో తేదీ, టైము వేసి రాసుకునేది. సాయంత్రం అయ్యేసరికి ఎవరి కబురు వాళ్లకు అందజేసేది.

పక్కింట్లో మార్కండేయ, రావమ్మ అద్దెకుండేవారు. వాళ్లది చీరాల వైపు నేతపని చేసే కుటుంబం. మగ్గం మీద పూట గడవక మార్కండేయ కుట్టుపని నేర్చుకుని రేపల్లె వచ్చాడు. మార్కెట్టు దగ్గర రేకుల షెడ్డులో దుకాణం. మాట తక్కువ మనిషి. గుడ్డ చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, ఎప్పటికి కావాలండి అని ఒక్క మాట అడిగేవాడు. చెప్పిన రోజుకు ఇచ్చేవాడు.

1989 మొదట్లో అతను తెనాలిలో ఒక ఫైనాన్సు కంపెనీ ద్వారా మోటారు కుట్టుమిషను వాయిదాల మీద తీసుకున్నాడు. రెండేళ్ల వాయిదాలు. ఫారంలో టెలిఫోను నంబరు రాయమన్నారని, ఏం రాయమంటారని కాంతమ్మను అడగడానికి వచ్చి గడప బయటే నిలబడ్డాడు.

"మా నంబరు రాసెయ్ నాయనా. దానికి అడగాలా" అంది ఆమె.

పదహారు వాయిదాలు ఒక్కటి తప్పకుండా కట్టాడు. ఆ తర్వాత తొంభై మే తుఫాను వచ్చింది. షెడ్డు రేకులు ఎగిరిపోయాయి. కుట్టడానికి జనం ఇచ్చిన గుడ్డలన్నీ బురదలో నాని పనికిరాకుండా పోయాయి. మిషను మోటారులోకి నీళ్లు దిగాయి. జనం గుడ్డలకు జనానికి డబ్బిచ్చుకోవాలి, మోటారు బాగు చేయించుకోవాలి, రేకులు వేయించుకోవాలి. వాటి మధ్య మూడు వాయిదాలు తప్పిపోయాయి.

తుఫానుకు తెగిన టెలిఫోను లైను నలభై రోజులకు గాని బాగవలేదు. మొదటిసారి మోగినప్పుడు బాపట్ల నుంచి తమ్ముడేమో అనుకుని కాంతమ్మ సంతోషంగా ఎత్తింది.

"మార్కండేయ అనే టైలరు మీ పక్కనుంటాడాండి? కాస్త పిలుస్తారా? తెనాలి నుంచి బసవేశ్వరరావుని" అన్నాడు అవతలి మనిషి.

ఆ గొంతు మర్యాదగానే ఉంది. ఆ మర్యాద నెలన్నర నిలిచింది. తర్వాత రోజుకు రెండుసార్లు, మూడుసార్లు మోగడం మొదలైంది. మార్కండేయ సెప్టెంబరు నుంచి సగం సగమైనా కడుతూనే ఉన్నాడు. ఆ కట్టింది ఆలస్యపు జరిమానా కింద పోయిందని, అసలు వాయిదాలు అలాగే ఉన్నాయని వాళ్లు చెప్పేవారు. అతను దుకాణంలో ఉంటే ఎవరో ఒకరు వెళ్లి పిలుచుకు రావాలి. కుట్టేది వదిలేసి పరుగున వచ్చి, రిసీవరు రెండు చేతులతో పట్టుకుని, చిత్తమండి, కడతానండి, వచ్చేవారం వస్తానండి అనేవాడు. అవతలి గొంతు గదంతా వినపడేది. కాంతమ్మ వంటింట్లోకి వెళ్లిపోయేది. వెళ్లినా వినపడేది.

అతను దొరకని రోజున ఆ తిట్లు ఆమే వినాల్సి వచ్చేది. మీ పక్కింటివాడు దొంగ అని మీ వీధిలో చెప్పండి అన్నాడొకసారి. టీచరుగా చేశారంటగా, ఎగ్గొట్టేవాణ్ణి వెనకేసుకొస్తారేంటి అన్నాడు ఇంకోసారి. ఆమె ఫోను పెట్టేసేది. మరో పది నిమిషాలకు మళ్లీ మోగేది. అవన్నీ నోటుబుక్కులో రాసేది. ఎందుకు రాస్తున్నదో ఆమెకే తెలియదు, అలవాటు.

నవంబరులో ఒక గురువారం ఆమె ఇంట్లో స్త్రీల ప్రార్థన కూటం జరుగుతున్నది. పాట మధ్యలో ఒకసారి, ప్రార్థనలో రెండుసార్లు ఫోను మోగింది. మూడోసారి మార్కండేయను పిలిపించక తప్పలేదు. పన్నెండు మంది ఆడవాళ్లు చాప మీద కూర్చుని చూస్తుంటే అతను వచ్చి, వాళ్లని దాటుకుంటూ వెళ్లి ఫోను అందుకున్నాడు. ఆ మాటలన్నీ పడి, రిసీవరు పెట్టి, వెనక్కి తిరిగాడు.

"నాయనా, ఈ ఫోను నీ బాకీల కోసం పెట్టించుకోలేదు. మమ్మల్ని కాస్త బతకనివ్వు" అంది కాంతమ్మ.

అతను తలూపాడు. క్షమించండమ్మగారూ అని, మళ్లీ వాళ్లని దాటుకుంటూ బయటికి వెళ్లాడు. కూటం అయిపోయాక ఆమెకు మనసు బాగాలేదు. రేపు పిలిచి నాలుగు మాటలు మంచిగా మాట్లాడాలనుకుంది. మర్నాడు అతను కనపడలేదు. ఆ తర్వాత అతను ఆ గుమ్మం తొక్కలేదు. పిలవడానికి మనిషిని పంపితే, చేతిలో పనుంది, నేనే తెనాలి వెళ్లి మాట్లాడుకుంటానని చెప్పమనేవాడు.

డిసెంబరు రెండో వారంలో ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. కంపెనీవాళ్లే అనుకుని ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. మూడోసారి కోపంగా ఎత్తింది. తెనాలి బస్టాండు దగ్గర పోలీసు మాట్లాడుతున్నాడు. బెంచీ మీద కూర్చున్న మనిషి ఒరిగిపోయాడని, ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే ప్రాణం పోయిందని, జేబులో రసీదు మీద ఈ నంబరుంటే చేస్తున్నామని చెప్పాడు. గుండెపోటు అని తర్వాత డాక్టర్లు చెప్పారు. ఆ రసీదు ఆ రోజుదే. క్రిస్మస్ బట్టలు కుట్టి కూడబెట్టిన డబ్బు కట్టేసి, తిరుగు బస్సు కోసం కూర్చున్నాడు.

రావమ్మకు ఆ మాట చెప్పింది కాంతమ్మే. ఎలా చెప్పిందో ఆమెకు తర్వాత గుర్తులేదు. రావమ్మ నూకలు చెరుగుతూ ఉన్నది మాత్రం గుర్తుంది.

పెద్దకర్మ అయిన మూడో రోజు పొద్దున మళ్లీ ఆ గొంతు. మార్కండేయను పిలవమన్నాడు. అతను చనిపోయాడని కాంతమ్మ చెప్పింది.

"అయ్యో పాపం" అన్నాడు. తర్వాత, "సరేనండి, ఆయన భార్యని ఒకసారి పిలవండి" అన్నాడు.

ఆమె పిలవలేదు. రిసీవరు పక్కన పడేసి, చీర మార్చుకుని, నోటుబుక్కు సంచిలో పెట్టుకుని బాపట్ల బస్సెక్కింది. అక్కడ ఆమె తమ్ముడు ప్రభుదాస్ కాలేజీలో లెక్చరరు. నలుగురైదుగురు మిత్రులతో కలిసి వినియోగదారుల సంఘం నడుపుతుండేవాడు. అక్క చెప్పిందంతా విని, నోటుబుక్కు మొదటి నుంచి చివరిదాకా తిరగేశాడు.

"అక్కా, బాకీ వసూలు చేసుకునే హక్కు వాళ్లకుంది. కాదనం. ఇవ్వకపోతే కోర్టుకెళ్లాలి. అంతేగాని ఊళ్లోవాళ్లకి ఫోన్లు చేసి మనిషి పరువు తీసే హక్కు వాళ్లకి లేదు. వాయిదాల మీద కొన్నా కొన్నట్టే, అతనూ వినియోగదారుడే. అతని తరఫున భార్య అడగొచ్చు" అన్నాడు. ఇలాంటి కేసులు వినడానికి గుంటూరులో వినియోగదారుల జిల్లా ఫోరం ఉందని, వకీలు లేకపోయినా ఫరవాలేదని, జరిగింది తెల్లకాగితం మీద రాసి రసీదులు జతచేస్తే చాలని వివరించాడు.

రావమ్మ ముందు ఒప్పుకోలేదు. మనిషే పోయాక ఇంకా నలుగురిలో చెప్పుకోవడం ఎందుకంది. జనవరిలో కంపెనీ మనుషులు వచ్చి, నోటీసు గాని, మాట గాని లేకుండా షెడ్డు తాళం పగలగొట్టి మిషను రిక్షాలో వేసుకుపోయారు. ఆ సాయంత్రం రావమ్మ వచ్చి, ఎక్కడ సంతకం పెట్టమంటారని అడిగింది.

కేసు నాలుగుసార్లు వాయిదా పడింది. ప్రతిసారీ ఇద్దరూ పొద్దున్నే రైలెక్కి తెనాలిలో మారి గుంటూరు వెళ్లేవారు. కాంతమ్మ కట్టిన పులిహోర స్టేషను బెంచీ మీద కూర్చుని తినేవారు. ఆ ప్రయాణాల్లోనే రావమ్మ తన పెళ్లినాటి సంగతులు, మగ్గం గుంటలో మార్కండేయ పడిన కష్టం చెప్పుకొచ్చింది. ఏళ్ల తరబడి పక్కపక్కనే ఉండి కూడా వాళ్లు అంత మాట్లాడుకున్నది లేదు.

కాంతమ్మ సాక్ష్యం చెప్పిన రోజు బసవేశ్వరరావు కూడా వచ్చాడు. ఆ గొంతుకు ఆమె ఊహించుకున్న మనిషి వేరు. ఇతను బక్కగా, కాలరు చిరిగిన చొక్కాతో ఉన్నాడు. వరండాలో ఆమెకు దణ్ణం పెట్టి, కంపెనీలో మాకు రోజుకిన్ని ఫోన్లని లెక్క పెట్టారండి, చెయ్యకపోతే జీతంలో కోస్తారండి అన్నాడు. అంతలో ఆమెను లోపలికి పిలిచారు.

ఐదు నెలల్లో రెండు వందల పన్నెండు ఫోన్లు. నోటుబుక్కు చూశాక కంపెనీ వకీలు దాని జోలికి ఎక్కువ పోలేదు. ఇంకో దారి పట్టాడు.

"ఇన్ని ఫోన్లొస్తే మీకు విసుగు రాలేదా? మీరెప్పుడూ అతన్ని ఏమీ అనలేదా?" అని అడిగాడు.

లేదనవచ్చు. ప్రభుదాస్ అటువైపు నుంచి చూస్తున్నాడు. రావమ్మ ముందు వరసలో కూర్చుని ఉంది.

"అన్నానండి" అంది కాంతమ్మ. "పన్నెండు మంది ముందు అన్నాను. ఈ ఫోను నీ బాకీల కోసం పెట్టించుకోలేదన్నాను. తర్వాత అతను మా ఇంటికి రాలేదు. వాళ్లు చేసిన పాపంలో నాకూ వాటా ఉంది. కాని నాచేత ఆ మాట అనిపించాలనే వాళ్లు మా ఇంటికి ఫోన్లు చేశారు."

వకీలు కూర్చున్నాడు.

తిరుగు రైల్లో రావమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పులిహోర పొట్లం విప్పితే, ఆకలి లేదండి అంది. ఆ కూటంలో జరిగింది ఆమెకు అప్పటిదాకా తెలియదని కాంతమ్మకు అప్పుడు అర్థమైంది. భట్టిప్రోలు దాటాక చీకటి పడింది. రేపల్లెలో దిగి ఎవరింటికి వాళ్లు వెళ్లారు.

1992లో తీర్పు వచ్చింది. మిషను తిరిగి ఇవ్వాలి, జరిమానాల పేరుతో తీసుకున్నదంతా వాయిదాల కింద జమ చేసుకోవాలి, నాలుగు వేలు పరిహారం, ఐదు వందలు ఖర్చులు. బాకీ కోసం పొరుగువాళ్లకు ఫోన్లు చేయడం, అవమానించడం తప్పని ఫోరం స్పష్టంగా రాసింది. ఆ ఫోన్ల వల్లే అతను చనిపోయాడనడానికి ఆధారం లేదని కూడా రాసింది. కాంతమ్మ రావమ్మ ఇంటికి వెళ్లి ఆ కాగితాన్ని ఆమెకు మెల్లగా చదివి వినిపించింది. ఆధారం లేదన్న చోట ఆగి, మళ్లీ చదివింది.

రావమ్మ రేపల్లెలో ఉండలేదు. ఆ వేసవిలో అన్నలున్న చీరాల వెళ్లిపోయింది. బండిలో సామాను వేశాక కాంతమ్మ ఇంటికి వచ్చి కూర్చుంది. ఎన్నాళ్ల తర్వాతో వచ్చింది. క్షమించమని ఎలా అడగాలో తెలియక కాంతమ్మ కాఫీ కలిపి తెచ్చింది.

"మీరన్న మాట ఆయన నాకు చెప్పలేదండి" అంది రావమ్మ. "చెప్పుంటే నేను మీతో మాట్లాడడం మానేసేదాన్ని. ఊళ్లో నాకు మీరు తప్ప ఎవరున్నారండి. అందుకే చెప్పలేదేమో."

కాంతమ్మ ఏడ్చింది. రావమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది గాని, ఫరవాలేదనీ అనలేదు, మీ తప్పేం లేదనీ అనలేదు. కాఫీ తాగి, వెళ్లొస్తానండి అని లేచింది.

ఆ తర్వాత అలాంటి బాధల్లో ఉన్నవాళ్లు జంపని నుంచీ, సంగం జాగర్లమూడి నుంచీ కూడా కాంతమ్మను వెతుక్కుంటూ వచ్చేవారు. టీవీకి వాయిదాలు కట్టలేని గుమస్తా, మోపెడ్డును కంపెనీవాళ్లు పట్టుకుపోయిన పాల మనిషి. వాళ్ల కాగితాలు ఓపిగ్గా రాసిపెట్టేది. ఎవరైనా మెచ్చుకోబోతే మాట మార్చేది. చీరాలకు ఏటా ఒక ఉత్తరం రాసేది. ఒక్కదానికి జవాబొచ్చింది. మిషను బాగా పనిచేస్తున్నదని, అన్నల ఇంటి ముందు గదిలో పెట్టుకుని కుడుతున్నానని, మీ మోకాళ్ల నొప్పులకు మందు వాడుతున్నారా అని అందులో ఉంది. మార్కండేయ ప్రస్తావన ఎక్కడా లేదు.