లోపల దిమ్మ పట్టేవాడు

వీధిలో అందరూ ఆయన్ని లిఫ్టు మావయ్య అంటారు. పెద్ద ఆఫీసు మేడలో లిఫ్టు నడిపి రిటైరయ్యాడు. ఎవరెవరినో వాళ్ళ వాళ్ళ అంతస్తుల్లో దింపడమే తప్ప తను ఎక్కడా దిగి ఎరగడు పాపం. అలాంటి మనిషి, భార్య పోయిన ఏడాదికి, ముందుగదిలో మంచాలు ఎత్తేసి కొయ్యపడవ కట్టడం మొదలుపెట్టాడు. వీధి గుమ్మం వెడల్పు కొలిచే మొదలుపెట్టాడు లెండి, అంత వెర్రివాడేం కాదు.

"మీకేమైనా మతి పోయిందా మావయ్యా?" ఎదురింటావిడ మొహం మీదే అడిగేసింది.

"జన్మంతా పైకీ కిందకీ తిరిగానమ్మా. ఒక్కసారైనా ముందుకి పోదామని."

ఏటి ఒడ్డున పడవలు కట్టే వడ్రంగి దగ్గర కూర్చుని పని నేర్చుకున్నాడు. పలకలు కోసి వంచడం దాకా ఒక్కడే నెట్టుకొచ్చాడు. మేకుల దగ్గర బండి ఆగిపోయింది. బయట్నించి ఒకరు రాగి మేకు కొడుతుంటే, లోపల ఇంకొకరు ఇనప దిమ్మ ఆనించి పట్టుకోవాలి. అప్పుడే మేకు మొన వంగి, మళ్ళీ చెక్కలోకి దిగి, పలకలు బిగుస్తాయి. దిమ్మని తాడుతో కట్టి చూశాడు, కర్రతో అదిమిపెట్టి చూశాడు. అబ్బే! ఇంట్లో రెండో మనిషి లేదన్న సంగతి అంత గట్టిగా ఎప్పుడూ తెలిసిరాలేదు. పడవ పక్కనే కూలబడి ఏడ్చాడు.

చివరికి సిగ్గు చంపుకుని బావమరిదికి కబురు పెట్టాడు. అతనిది సైకిళ్ళు బాగుచేసే షాపు. అక్క ఉన్నన్నాళ్ళూ రోజూ వచ్చేవాడు. అక్క పోయాక ఏ వంకతో రావాలో అతనికీ తెలీలేదు, ఏమని పిలవాలో ఈయనకీ తెలీలేదు.

కబురందగానే వచ్చాడు. అప్పట్నించి సాయంత్రాలు షాపు కట్టేసి, పడవలో దూరి దిమ్మ పట్టేవాడు.

"బావా, ఇది తేలుతుందంటావా?"

"తేలకపోతే గాలి కొట్టడానికి నువ్వున్నావుగా!"

పలక అడ్డం కాబట్టి ఒకరి మొహం ఒకరికి కనబడేది కాదు. అందుకేనేమో, ఆవిడ చివరి రోజుల గురించి కూడా మాట్లాడుకోగలిగారు. అతను వెళ్ళిపోయాక ఇల్లు బావురుమనేది.

పని దగ్గరపడుతున్న కొద్దీ మావయ్యకి దిగులు పట్టుకుంది. పడవ పూర్తయితే వీడింక ఎందుకొస్తాడు? ఓ పొద్దున పటకారు తీసుకుని, శుభ్రంగా దిగిన మేకులు కొన్ని పీకేశాడు. "పట్టు రాలేదురా, మళ్ళీ కొట్టాలి," అన్నాడు సాయంత్రం. మర్నాడు ఇంకొన్ని పీకాడు. అలా పీకితే బెజ్జాలు వెడల్పయి నీళ్ళు కారతాయని వడ్రంగి చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. చెవిన పెడితేగా!

సైకిళ్ళు విప్పి బిగించే వేళ్ళకి అబద్ధం ఎన్నాళ్ళు ఆగుతుంది? ఓ సాయంత్రం లోపల్నించి బావమరిది గొంతు వినిపించింది.

"బావా, ఇది నిన్న కొట్టిన మేకే. బిగిసినదాన్ని నువ్వే పీకావా?"

సుత్తి ఆగిపోయింది.

"చెప్పు బావా. ఎందుకు?"

"ఊరికే రమ్మంటే రానంటావేమోనని భయమేసిందిరా," అన్నాడు మావయ్య. "పని ఉంటే అడగక్కర్లేదుగా."

లోపల దిమ్మ కింద పెట్టిన చప్పుడైంది. కోపమొచ్చి లేచిపోతాడేమోనని మావయ్య పలకకి చెవి ఆనించాడు.

"నేనూ దిమ్మ సరిగ్గా ఆనించడం లేదు బావా," అన్నాడు బావమరిది. "పనైపోతే ఇంకేమని రావాలో తెలీక."

పలకకి అటొకరూ ఇటొకరూ కూర్చుని ఏడ్చారు. పడవ సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.