బెంగాలోడి పేరు

కొల్లేటి ఒడ్డు పల్లెల్లో ఎవరైనా నీళ్ళలో పడి కనపడకుండా పోతే ముందుగా కబురు వెళ్ళేది పోలీసులకు కాదు, యేసుదాసుకి. మండవల్లి దాటాక కొల్లేటి వైపు దిగే రోడ్డు పక్కన అతని ఇల్లు. యాభై దాటిన మనిషి. చెరువుల్లో పెరిగిన చేపల్ని పట్టే పట్టుబడి రోజున వల లాగడం అతని జీవనం. కానీ చుట్టుపక్కల ఊళ్ళు అతణ్ణి ఎరిగింది అందుకు కాదు. నీళ్ళు మింగిన మనిషిని మళ్ళీ ఒడ్డుకి తెచ్చి, కన్నవాళ్ళ ముందు పడుకోబెట్టేవాడు అతనే. తెచ్చినందుకు ఏమీ పుచ్చుకోడు. తువ్వాలుతో తల తుడుచుకుని, ఎవరైనా టీ ఇస్తే తాగి, వచ్చిన దారినే వెళ్ళిపోతాడు.

ఈ పనిలోకి అతను కావాలని రాలేదు. పెళ్ళి కాకముందు, తుఫాను వెలిసిన మర్నాడు, తమ్ముడు ఎడ్విన్‌తో కలిసి తాటిదోనె మీద వలలు చూసుకోవడానికి వెళ్ళాడు. కొల్లేరు పొంగి ఎర్రగా ఉంది. గుర్రపుడెక్క దిబ్బలు దిబ్బలుగా కొట్టుకొస్తోంది. దాని తాకిడికి దోనె తిరగబడింది. యేసుదాసు చేతికి కిక్కిస గడ్డి దుబ్బు అందింది. ఎడ్విన్ "అన్నయ్యా" అని ఒకసారి పిలిచాడు. మళ్ళీ పిలవలేదు.

ఊరంతా దోనెలేసుకుని వెతికింది. దొరకలేదు. ఉప్పుటేట్లో పడి సముద్రంలోకి పోయుంటాడని పెద్దవాళ్ళు తేల్చేశారు. తల్లి మాత్రం తేల్చుకోలేకపోయింది. దుప్పటి కప్పుకునేటప్పుడల్లా, "ఆడికి చలేస్తందేమోరా పెద్దోడా" అనేది. మంచం పట్టాక మాటలన్నీ మర్చిపోయింది గానీ ఆ ఒక్క మాటా మర్చిపోలేదు. ఆమె పోయాక ఆ మాట యేసుదాసుకి మిగిలింది.

అందుకే, కొన్నాళ్ళకి పక్క ఊళ్ళో ఎవరి బిడ్డో కాలవలో పడ్డాడని తెలిసినప్పుడు ఆలోచించకుండా దూకాడు. అప్పుడు మొదలైందే ఇప్పటిదాకా నడుస్తోంది. అతనికో అలవాటుంది. నీళ్ళలోకి దిగేముందు, నడుం లోతులో నిలబడి, పోయిన మనిషిని పేరుపెట్టి పిలుస్తాడు. చిన్నపిల్లలైతే "నాన్నా", పెద్దవాళ్ళయితే "బాబాయిగారూ" అని వరస కలుపుతాడు. "వస్తన్నానండీ, కంగారు పడకండి" అంటాడు. ఒడ్డున ఉన్నవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది. కొంతమంది అది మంత్రమనుకున్నారు. మంత్రమేమీ కాదు. ఎడ్విన్ పిలిచినప్పుడు తను తిరిగి పిలవలేకపోయాడు. అంతే.

ఆ ఏడు వానాకాలం చివర్లో ఒక పొద్దున్న జోగారావు ఫోన్ చేశాడు. అతను ఊరికి దగ్గర్లోనే ఒక పెద్ద చేపల చెరువు చూసుకునే మేనేజరు.

"యేసుదాసూ, మన చెరువులో ఒక కూలోడు పడిపోయాడయ్యా. చేపల మేతకి తవుడు బస్తాలు కట్టడానికి పడవేసుకెళ్ళాడు. పడవొక్కటే తిరిగొచ్చింది."

యేసుదాసు సైకిలు వేసుకుని వెళ్ళాడు. గట్టు మీద జోగారావు, ఇద్దరు ముగ్గురు ఊరివాళ్ళు ఉన్నారు. యేసుదాసు చొక్కా విప్పి నీళ్ళలోకి దిగి, ఎప్పటిలాగే వెనక్కి తిరిగి అడిగాడు.

"పేరేంటండీ?"

"పేరెవరికి తెలుసయ్యా? బెంగాలోడు అంటాం."

"ఇంటిపేరో, ముద్దుపేరో..."

"బెంగాలోడనే పిలిచేవాళ్ళం. పలికేవాడు. కూడా ఉన్న కుర్రాళ్ళు భయపడి ఎటో వెళ్ళిపోయారు. కానియ్యి, ఎండెక్కుతోంది."

యేసుదాసు నీళ్ళవైపు తిరిగాడు. నోరు తెరిచాడు. బెంగాలోడా అని పిలవబుద్ధి కాలేదు. ఏమీ అనకుండానే మునిగాడు.

తూము దగ్గర దొరికాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో. గడ్డం కింద చిన్న మచ్చ, ఎడమ చెవి తమ్మె చీలి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. వేళ్ళు తూముకి కట్టిన వలలో బిగుసుకుపోయాయి. ఒక్కొక్క వేలే విడదీస్తుంటే ఆ కళ్ళు తన మొహంలోకే చూస్తున్నట్టనిపించింది. ఏదో అడుగుతున్నట్టు కాదు, ఎవరో పిలిస్తే విని తల తిప్పినట్టు.

పోలీసులొచ్చి పంచనామా రాశారు. శవాన్ని ఏలూరు ఆసుపత్రికి పంపారు. కాలుజారి పడ్డాడనే తేలింది. తాలూకు మనుషులు రాకపోతే కొన్నాళ్ళు చూసి అనాథ శవంగా పూడ్చేస్తారని కానిస్టేబుల్ చెప్పాడు.

ఆ రోజునుంచి యేసుదాసుకి మనసు మనసులో లేదు. పట్టపగలు, ఎండలో, మొహం కడుక్కోవడానికి తొట్టిలోకి వంగితే నీళ్ళ కింద ఆ మొహం. అన్నం కలుపుకుంటుంటే చెవిలో "అన్నయ్యా" అని పిలుపు. గొంతు ఎడ్విన్‌ది. తలెత్తి చూస్తే గుమ్మంలో ఎవరూ ఉండరు. ఇన్నేళ్ళలో ఎంతోమందిని పైకి తీశాడు. ఒక్కరు కూడా ఇలా వెంట రాలేదు.

ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు తప్పిపోయిన గొర్రె గురించి చెప్పారు. "కాపరికి గొర్రెల లెక్క తెలియడం గొప్ప కాదండీ. లెక్క ఎవడైనా చూస్తాడు. ఏది తప్పిపోయిందో పేరుతో సహా తెలియాలి. ఏ పేరూ తెలియకపోతే దేన్నని పిలుస్తాడు?" అన్నారు. యేసుదాసు కూర్చోలేకపోయాడు. ప్రార్థన మనవులు చెప్పే సమయంలో లేచి, చెరువులో పోయిన మనిషి కోసం, అతని ఇంట్లోవాళ్ళ కోసం ప్రార్థన చెయ్యమని అడిగాడు.

సంఘపెద్ద బుచ్చిబాబుగారు కొంచెం ఇబ్బందిగా కదిలారు. "ఊరు తెలీదు, పేరు తెలీదు, మనవాడో కాదో తెలీదు. ఏమని చేస్తామయ్యా? ఆసుపత్రివాళ్ళు చూసుకుంటారుగా."

"మా ఎడ్విన్ కూడా ఎక్కడో తేలే ఉంటాడండీ," అన్నాడు యేసుదాసు. "ఏ ఉప్పుటేటి ఒడ్డునో, ఏ సముద్రపుటొడ్డునో. అక్కడివాళ్ళూ ఇలాగే అనుంటారండీ. ఊరు తెలీదు, పేరు తెలీదు అని. ఆడికి మా అమ్మ పెట్టిన పేరుందండీ. దేవుడికి తెలుసు. ఆ ఒడ్డునున్నోళ్ళకి తెలీదు, అంతే."

పాస్టరుగారు కళ్ళు మూసుకుని, "తండ్రీ, ఇతని పేరు మాకు తెలీదు" అని మొదలుపెట్టి, మరి ముందుకు సాగలేక ఆగిపోయారు. చాలాసేపటికి ఆమెన్ అన్నారు.

ఇంటికొచ్చాక భార్య దేవకుమారి కంచం పెడుతూ, "మీరు ఆయన్ని వెతకట్లేదండీ. మీ తమ్ముణ్ణి వెతుకుతున్నారు" అంది.

"ఇద్దరూ ఒకటైపోయారే నాకు."

ఆమె మంచినీళ్ళ చెంబు పక్కన పెట్టింది. "అయితే వెళ్ళి రండి. ఇంట్లో కూర్చుంటే తగ్గేది కాదిది."

ఎక్కడికి వెళ్ళాలన్నదే ప్రశ్న. జోగారావుని అడిగితే, "గూడెం ఉల్లిపాయల మార్కెట్‌లో మూటలు మోసేవాడట. అక్కణ్ణుంచే ఎవరో తీసుకొచ్చారు" అన్నాడు. యేసుదాసు ఏలూరు బస్సెక్కి, అక్కడ రైలు పట్టుకుని తాడేపల్లిగూడెంలో దిగాడు.

మార్కెట్‌లో ఎటు చూసినా ఉల్లి బస్తాలే. ఘాటుకి కళ్ళు మండుతున్నాయి. "బెంగాలువైపు నుంచొచ్చిన అబ్బాయి, చెవి తమ్మె చీలి ఉంటుందండీ" అని కనపడినవాళ్ళనల్లా అడిగాడు. "ఏ బెంగాలోడండీ? బోలెడుమంది వస్తుంటారు, పోతుంటారు" అన్నారు లారీల దగ్గర. మధ్యాహ్నానికి కాళ్ళు లాగి, గేటు పక్కన టిఫిన్ బండి దగ్గర బల్ల మీద కూలబడ్డాడు. బండి నడిపే సూరమ్మ మంచినీళ్ళిచ్చింది. ఆమెనీ అదే అడిగాడు.

ఆమె చేతిలో గరిటె ఆగింది. "ఎడం చెవేనా అండీ? గడ్డం కింద మచ్చ? నిరంజన్ కదండీ!"

యేసుదాసు నీళ్ళ గ్లాసు కింద పెట్టాడు. ఆ పేరు లోపలే ఒకసారి పలుకుకున్నాడు. నిరంజన్.

"బంగారం లాంటి పిల్లాడండీ," అంటోంది సూరమ్మ. "మా ఇడ్లీగిన్నె నేను ఎత్తలేనని రోజూ వాడే తోమి పెట్టేవాడు. నేను చెప్పానా, పెట్టానా! 'అమ్మా, కారం తక్కువ' అనేవాడు, ఆ రెండు తెలుగు ముక్కలే వచ్చు. చేపల చెరువు పనికెళ్తే జీతం బాగుంటుందంట, దసరాకి ఇంటికెళ్తానమ్మా అని చెప్పి వెళ్ళాడు. ఎలా ఉన్నాడండీ? నన్నడగమన్నాడా?"

యేసుదాసు తల దించుకున్నాడు. అతను చెప్పకముందే ఆమెకి అర్థమైంది. పొయ్యి కట్టేసి, బండి చక్రానికి ఆనుకుని నేలమీదే కూర్చుండిపోయింది. కొంగుతో మొహం కప్పుకుని, "ఎంతమంది తిని పోతారండీ నా దగ్గర. వాడొక్కడే అమ్మా అన్నాడు" అంది.

నిరంజన్ తన ఫోన్ పాడైనన్నాళ్ళూ ఆమె ఫోన్లోంచే ఇంటికి మాట్లాడేవాడట. ఆ నంబరు అందులోనే ఉంది. బెంగాలీ వచ్చిన హమాలీ ఒకతన్ని పిలిచి మాట్లాడించారు. అటువైపు ఒక ఆడమనిషి గొంతు "హలో" అంది. ఆ తర్వాత వినిపించింది మాట కాదు. యేసుదాసు రెండు చెవులూ మూసుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

నిరంజన్ భార్య సంధ్య వచ్చింది. తోడు ఆమె అన్న వచ్చాడు. అతను ఒకప్పుడు గూడెంలోనే పనిచేసినవాడు కాబట్టి కొంచెం తెలుగు వచ్చు. అంత దూరం శవాన్ని తీసుకెళ్ళే పరిస్థితి లేదు. ఇక్కడే, తమ పద్ధతిలో దహనం చేస్తామన్నారు. మోయడానికి మనుషులు కావాలి. యేసుదాసు గుడిలో ఎవర్నీ మళ్ళీ అడగలేదు. అయినా ఆసుపత్రి నుంచి తెచ్చాక, ఊరి శ్మశానం దారి మొదట్లోకి పాడె చేరేసరికి సంఘంలోని మగవాళ్ళు కొంతమంది తలగుడ్డలు చుట్టుకుని నిలబడి ఉన్నారు. సూరమ్మ బండి మూసేసి గూడెం నుంచి వచ్చింది. బుచ్చిబాబుగారు రాలేదు. కానీ ఆయన ట్రాక్టరు కట్టెలు దించి వెళ్ళింది.

కార్యం అయ్యాక సంధ్య ఆ చెరువు చూస్తానంది. యేసుదాసు తీసుకెళ్ళాడు. జోగారావు కూడా వచ్చి దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సాయంత్రం ఎండ నీళ్ళమీద పడి ఇత్తడి రేకులా ఉంది. ఆమె తూము వైపే చూస్తూ అన్నతో ఏదో అంది.

"ఎలా తీశారు మీరు అని అడుగుతోంది," అన్నాడు అతను.

అబద్ధం చెప్పొచ్చు. యేసుదాసుకి నోటిదాకా వచ్చింది, కానీ నిజమే చెప్పాడు. "ఎవర్నయినా పేరుపెట్టి పిలిచి దిగుతానమ్మా. ఈయన్ని పిలవలేదు. పేరు తెలీలేదు. అది నన్ను తినేస్తోంది."

అన్న ఆ మాటలు ఆమెకి చెప్పాడు. ఆమె కళ్ళు తుడుచుకుని, నీళ్ళవైపు చెయ్యి చూపించింది.

"తను మొగుడి పేరు పలకదు, మా వైపు అలవాటు లేదు," అన్నాడు అన్న. "మిమ్మల్ని పిలవమంటోంది. ఇప్పుడు పిలవండి అంటోంది."

యేసుదాసు చెప్పులు విడిచి నడుంలోతు దిగాడు. "నిరంజన్ బాబూ," అన్నాడు మెల్లగా. అది చాలలేదనిపించి, గొంతెత్తి గట్టిగా పిలిచాడు. అవతలి గట్టుదాకా వెళ్ళింది పిలుపు. ఎవరూ పలకలేదు. పలకరని అతనికి తెలుసు. అయినా చలిగాలి వీచినట్టు ఒళ్ళంతా వణికింది. వెనకాల సంధ్య వెక్కి వెక్కి ఏడుస్తోంది. జోగారావు గొణిగినట్టు, "రెండు పట్టుబళ్ళు చేశాడయ్యా నా దగ్గర. ఒక్కసారైనా అడగలేదు నేను" అన్నాడు.

మర్నాడు ఏలూరు స్టేషన్‌లో వాళ్ళని రైలెక్కించారు. దేవకుమారి పెరుగన్నం మూటగట్టి తెచ్చింది. ఆ ఇద్దరాడవాళ్ళకీ ఒకరి భాష ఒకరికి రాదు. కిటికీలోంచి చేతులు పట్టుకుని, రైలు కదిలేదాకా వదల్లేదు.

తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. దేవకుమారికి ముందు ఆడవాళ్ళ సీట్లో చోటు దొరికింది. యేసుదాసు వెనక కూర్చుని జనాన్ని చూస్తున్నాడు. ఇప్పటికీ ప్రతి మొహం అతనికి నీళ్ళ కిందనుంచి చూస్తున్నట్టే కనిపిస్తోంది. బహుశా ఎప్పటికీ అలాగే కనిపిస్తుంది. కాసేపటికి పక్కనున్న పెద్దాయన వైపు తిరిగాడు.

"మీ పేరేంటండీ?"

ఆయన అనుమానంగా చూశాడు. "ఎందుకండీ?"

"ఊరికేనండీ."

"శ్రీరంగనాయకులు. కైకలూరులో కిరాణా కొట్టు." ఆయన ఒళ్ళోని సంచీ సర్దుకుని కొంచెం జరిగాడు. "సరిగ్గా కూర్చోండి, ఇరుగ్గా ఉంది. మీరెంతవరకండీ?"