కాలివేళ్ల మధ్య రౌటర్ బిట్టు

మా ఆయనది ఉదయగిరి కొండ కింద గంటెలు, అంటే కర్ర గరిటెలు చెక్కే పని. కర్రముక్కను రెండు పాదాల మధ్య ఇరికించి, చేతుల్తో ఉలీ సుత్తీ ఆడించేవాడు. అక్కడి పనోళ్లందరూ అంతే, వాళ్లకు బిగింపు అంటే కాళ్లే. ఆ గంటెలకు గరుకు కాగితం పట్టి నున్నగా చేసేది నేను. ఇది తొంభైల్లో మాట.

మద్రాసులో కుర్చీలు చేసే మా తమ్ముడు పాత రౌటర్ మిషను ఒకటి తెచ్చిచ్చినాడు. దాని కింద బిట్టు అనే ఉక్కు పుల్ల, కొనకు పదునుది, గిర్రున తిరుగుతాది, చెక్క మీద నడిపిస్తే గంటె గుంట చిటికెలో తయారు. మా ఆయన మురిసిపోయినాడు. నేనూ మురిసినా, అబద్ధమెందుకు. ముక్కను కాళ్ల మధ్యే పెట్టుకొని దాన్ని ఆడిస్తావుంటే బెదురుగానే ఉండేది, కానీ ఆ బిట్టు పెట్టిన చోటునుంచి కదిలేది కాదు. కొన్నాళ్లకు అది విరిగింది.

కొత్తది కొనడానికి ఇద్దరం ఆత్మకూరు బస్సెక్కినాం. మిషనులో బిట్టు కాడను పట్టుకునే గొట్టం పావంగుళానిది. ఇనప సామాన్ల అంగట్లో ఉన్నవి రెండే రకాలు. ఒకటి అరంగుళం కాడది, దూరనే దూరదు. ఇంకోటి ఆరు మిల్లీమీటర్లది, సులువుగా దూరతాది. అదే దాని రోగం.

"వొద్దన్నా, అది మీ మిషనుకు వదులు. బిగిసినట్టే ఉంటాది, పట్టు ఉండదు. ఒక్క వారం ఆగు, పావంగుళంది నెల్లూరు నుంచి తెప్పిస్తా," అన్నాడు అంగడాయన.

మా ఆయన వింటేనా! శనివారం బస్సుకు గంటెల మూట నెల్లూరికి వెయ్యాల. "వెంట్రుకవాసి తేడాకు వారమా?" అని ఆరు మిల్లీదే కొన్నాడు. తిరుగు బస్సులో నేను నోరు తెరవలేదు. నేను నోరు తెరవలేదంటే ఎంత కోపమో ఆయనకు తెలుసు. తెలిసే కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

మరుసటి రోజు పొద్దున్నే బిట్టు బిగించినాడు. మొదటి గంటె బాగా వచ్చింది. "చూసినావా?" అని నా వైపు మీసం తిప్పినాడు. రెండో గంటెకు అడుగున చిల్లు పడింది. చెయ్యి జారిందన్నాడు. మూడోదానికీ చిల్లే. దగ్గరికి పోయి చూస్తే బిట్టు పొద్దుటికంటే బయటికి వచ్చి ఉండాది. తిరిగే కొద్దీ కిందికి దిగుతా ఉండాది. దాని కిందున్నది గంటె. గంటెకు అటూ ఇటూ ఆయన కాలివేళ్లు.

"ఏమయ్యా, అది ఊడి వస్తాది. ఆపు," అన్నాను.

ఆయన సిగరెట్ పెట్టెలోంచి వెండి కాగితం పీకి బిట్టు కాడకు చుట్టినాడు. మళ్లీ గొట్టంలో దోపి, పళ్లు బిగబట్టి పానాతో తిప్పినాడు. "ఇప్పుడు ఏనుగు లాగినా రాదు."

"పోనీ, ముక్కను బల్లకు కొట్టి చెయ్యి. కాళ్లు తియ్యి."

"మా నాయన కాళ్లతోనే పట్టినాడు. కాలు పట్టకుంటే నాకు పని తెలీదే. నువ్వు పో, నీ కాగితం నువ్వు రుద్దుకో."

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. బతిమాలినా, తిట్టినా. నీ బొంద అని కూడా అన్నా. ఆయన కొత్త ముక్క తీసి కాళ్ల మధ్య పెట్టుకొని మిషను ఎత్తినాడు. ఇంక నాకు ఏం తోచలేదు. పోయి ఎదురుగా చతికిలబడి, ఆ ముక్కను లాక్కొని నా పాదాల మధ్య ఇరికించుకున్నా. చీర మోకాళ్ల దాకా ఎగదోసుకున్నా.

"అంత గట్టిగా ఉంటే వెయ్యి స్విచ్చి," అన్నాను.

"లెయ్యే పిచ్చిదానా."

"లేవను. ఏనుగు లాగినా రాదన్నావు గదా. వెయ్యి."

వేస్తాడేమో అని నిజంగా భయమేసింది, మొండిమనిషి. మిషను నా కాళ్ల మీదికి తెచ్చినాడు. బొటనవేలు స్విచ్చి మీద ఉండాది. నా కాలివేళ్లకేసి చూసినాడు. చూస్తా చూస్తా ఉండి మిషను పక్కన పెట్టేసినాడు.

పోయి మేకులు తెచ్చినాడు. ముక్కను బల్ల మీద పెట్టి చుట్టూ చెక్కలు కొట్టినాడు. నన్ను తలుపు వెనక్కి పొమ్మని, స్విచ్చి వేసినాడు.

కాసేపు మామూలు రొదే. ఉన్నట్టుండి అది కీచుమని అరిచింది. బిట్టు గంటె అడుగు చీల్చుకొని, బల్లను గీరుకుంటా పక్కకు ఎగిరి, గోడకు కొట్టుకొనింది. సున్నం పెచ్చు రాలింది. ఆయన స్విచ్చి ఆపి, ఆ గోడకేసి చూడను కూడా చూడలేదు.

నేరుగా వచ్చి నా ముందర కూలబడినాడు. నా కాలు ఒళ్లోకి లాక్కొని ఒక్కో వేలూ తడిమి చూస్తా ఉండాడు.

"నాకేం కాలేదయ్యా, నేను తలుపు వెనక ఉండాను గదా," అన్నాను. చిటికెనవేలి దాకా పోయి, మళ్లీ బొటనవేలి నుంచి మొదలుపెట్టినాడు.

"వదులు. ఎవరన్నా చూస్తే పెళ్లాం కాళ్లు పట్టుకున్నాడంటారు."

"అననీ," అని రెండో కాలు కూడా లాక్కున్నాడు.