సైకిల్‌ను దాటని ట్రాక్టర్

మా అపార్ట్‌మెంట్ సెల్లారులో ప్రతి ఆదివారం పొద్దున జనరేటరును ఓ పది నిమిషాలు ఊరికే తిప్పుతారు. ఆ డీజిల్ పొగ లిఫ్టు సందుల్లోంచి మూడో అంతస్తు దాకా పాకుతుంది. అందరూ కిటికీలు మూసుకుని అసోసియేషన్ గ్రూపులో తిట్టిపోస్తారు. తలనొప్పి వస్తుంది కనుక నేనూ మూస్తాను. కానీ మూసేలోపే ఒక్క గుక్క లోపలికి పోతుంది, ఇక ఆ పూట ఏ పనీ చేయబుద్ధి కాదు. ఈ మధ్య పాత సంగతులు తలుచుకోవడం కూడా నాకు ఒక చాకిరీలాగే అనిపిస్తోంది, అయినా అవి వద్దంటే మానవు.

ఎనభైల నడిమికి ఫిల్మ్ నగర్ ఇంకా సగం బండలే. ఇళ్లకంటే ఎత్తయిన బండలు, వాటి మధ్య సీతాఫలం పొదలు, వేసవిలో పొద్దుగూకినా చల్లారని రాతి సెగ. మధ్యాహ్నం బండలు పేల్చే వాళ్లు ఈల ఊది ఎర్రగుడ్డ ఊపేవాళ్లు. అమ్మలు పిల్లల్ని రెక్క పట్టుకుని లోపలికి లాగేవాళ్లు. ధన్‌మని చప్పుడయ్యేది, అలమరలో స్టీలు గ్లాసులు గలగలమనేవి, ఆ తరవాత మంచం మీద ఎండబెట్టిన వడియాల మీద రాతిపొడి మెల్లగా వచ్చి వాలేది. స్టూడియో వ్యాన్లలో అట్ట స్తంభాలూ, రంగు వేసిన ప్లాస్టరు సింహాలూ మా గుమ్మం ముందునుంచే కొండెక్కేవి. ఆ కొండ కింద రేకుల కప్పున్న రెండు గదుల్లో మేము ముగ్గురం ఉండేవాళ్లం.

నాన్న పేరు యేసుపాదం. తెనాలి దగ్గరి పల్లె నుంచి మద్రాసు వెళ్లి, సినిమావాళ్లు ఇటు వస్తుంటే వాళ్ల వెనకే వచ్చాడు. హీరోలకు డూపు. మేడ మీంచి దూకేదీ, అద్దం పగలగొట్టుకుని బయటపడేదీ నాన్న, లేచి జుట్టు సర్దుకునేది హీరో. సాయంత్రం ఇంటికొచ్చాక అమ్మ కల్లుప్పు పెనం మీద వేయించి, గుడ్డలో మూటకట్టి, నాన్న వీపుకు కాపడం పెట్టేది. వేడి ఉప్పూ, కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనే కలిసిన వాసన, అదే మా ఇంటి వాసన. అందరి ఇళ్లూ అలాగే ఉంటాయని చాలాకాలం అనుకున్నాను.

నాకు తొమ్మిదేళ్లప్పుడు నాన్న ఒక మేడ మీంచి దూకుతూ నడుం విరగ్గొట్టుకుని నెల రోజులు చెక్కబల్ల మీద పడుకున్నాడు. ఇంకొక్కసారి పడితే లేవడని డాక్టరు అమ్మకు చెప్పాడు. ఆ మాట విన్న రోజునుంచీ అమ్మకు వేరే ఆలోచన లేదు, నాన్న చేత ఆ పని మాన్పించాలి. దారి చూపించింది లింగం మామ. మామ అంటే చుట్టం కాదు, నాన్నతో పాటు ఫైట్లు చేసేవాడు. మెదక్ వైపు మనిషి, నాన్నకంటే పదేళ్లు చిన్న, తన గదిలోకంటే మా ఇంట్లోనే ఎక్కువ తినేవాడు. ఇసక కుప్ప మీద నాకు పిల్లిమొగ్గలు నేర్పింది ఆయనే. అమ్మ చేసే కజ్జికాయల్ని గరిజెలనేవాడు, నేను ఎన్నిసార్లు దిద్దినా ఆ పేరు మార్చలేదు. పల్లెటూరి కథలు తీసేవాళ్లందరికీ ట్రాక్టరు కావాలి, పాతకాలంది అయితే మరీ ఇష్టపడతారు, ఒకటి కొని షూటింగులకు తిప్పుకోవచ్చని ఆయన సలహా.

చేవెళ్ల దాటాక ఒక పల్లెలో బండి ఉందని తెలిసి నాన్న, లింగం మామ బయల్దేరితే అమ్మ నన్ను వెంటేసుకుని తానూ వచ్చింది. ఎరుపు వెలిసి ఇటుక రంగుకు తిరిగిన ట్రాక్టరు, అమ్మకంటే పెద్దదట వయసులో, దాని సీటు మీద ఒక కోడి గుడ్లు పొదుగుతూ కూర్చుంది. నాన్న ఇంజను చూశాడు, మామ టైర్లు తన్ని చూశాడు. అమ్మ ఒక్కటే అడిగింది, ఎంత జోరుగా పోతుందని. బండి అమ్ముతున్న పెద్దాయన సిగ్గుపడి తలపాగా సర్దుకున్నాడు.

“ఎంత తొక్కినా సైకిల్‌ను దాటదు తల్లీ. అబద్ధమెందుకు.”

“ఇదే తీసుకుందామండీ,” అంది అమ్మ నాన్నతో.

ఇంటికి తెచ్చేసరికి దినమంతా పట్టింది. దారి పొడుగునా సైకిళ్ల మీద పాలవాళ్లు మమ్మల్ని దాటుకుపోతూ వెనక్కి తిరిగి నవ్వారు. అమ్మకు అంత సంతోషం నేను మళ్లీ చూడలేదు.

తరవాతి కొన్ని నెలలు మా ఇంట్లో ఉప్పు పెనం పొయ్యెక్కలేదు. హీరోయిన్ కూర్చోవడానికో, పెళ్లి ఊరేగింపులో వెనకాల కనబడటానికో బండిని పిలిచేవాళ్లు. నాన్న పది గజాలు నడిపి, మళ్లీ వెనక్కి తెచ్చి, చెట్టు కింద కూర్చుని, సాయంత్రం కాగితంలో చుట్టిన నాలుగు చల్లారిన వడలతో దెబ్బ లేకుండా ఇల్లు చేరేవాడు. మేం పిల్లలం దాని పెద్ద చక్రాల నీడలో వామనగుంటలు ఆడేవాళ్లం. ఆ క్రిస్మస్‌కు కాగితపు నక్షత్రాన్ని దాని పొగగొట్టానికే కట్టాం, అమ్మ రెండు వాయిలు ఎక్కువ అరిసెలు వండింది. నాన్న మాత్రం అప్పుడప్పుడూ గుమ్మంలో కూర్చుని కొండవైపు చూస్తుండేవాడు. పది గజాలు ట్రాక్టరు నడిపితే ఎవరూ చప్పట్లు కొట్టరు కదా.

అలాంటప్పుడు వచ్చాడు ఫైట్ మాస్టరు. కొండ వాలులో ట్రాక్టరు మీద ఛేజింగ్ తీయాలట, మా బండిలాంటి పాతది కావాలట, కానీ అది పరిగెత్తాలట. దానికి స్పీడు తెప్పిస్తే హీరో చొక్కా వేసుకుని నాన్నే నడపాలని, అలా నడపగలిగినవాడు ఇంకొకడు లేడని చెప్పి టీ తాగి వెళ్లాడు. నాన్న మొహం ఎలా వెలిగిందో అమ్మా చూసింది, నేనూ చూశాను.

మెకానిక్ కాసిం భాయ్ ఎర్రగడ్డ నుంచి వచ్చి చూశాడు. ఇంజను ఓ హద్దు దాటి తిరగకుండా పట్టి ఉంచే గవర్నర్ అనే భాగం ఒకటుంటుందట. “గది ఇప్పితే ఉరుకుతది అన్నా. గానీ దీని బ్రేకులు పొలంల ఆగేటందుకు చేసినయి. గుట్ట మీద ఆగదు,” అన్నాడు. నాన్న ఆ మాటలో మొదటి సగమే విన్నాడు.

మూడు రోజులు ఇంట్లో మాటల్లేవు. నాలుగో రోజు అన్నం వడ్డిస్తూ అమ్మ అంది, “నేను కొనిపించింది ట్రాక్టర్ని కాదండీ, మీ నడుముని.”

నాన్న తలెత్తలేదు. “ఒక్కసారే కదా కరుణా,” అన్నాడు.

మర్నాడు బండి ఎర్రగడ్డ షెడ్డుకు వెళ్లింది. ఆ వెనకే అమ్మ నన్ను తీసుకుని బస్సెక్కింది. కూరగాయల మార్కెట్ పక్క సందులో ఆ షెడ్డు, నేలంతా నల్లటి ఆయిల్. అమ్మ చెప్పులు విప్పి గుమ్మం దగ్గరే నిలబడి, గవర్నర్ జోలికి పోవద్దని, చప్పుడు మాత్రం పెరిగేటట్టు చేసి, పాత ఇంజనుకు ఇంతకంటే స్పీడు రాదని చెప్పమని అడిగింది. కాసిం భాయ్ చాలాసేపు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

“అన్నకు తెలుస్తది చెల్లె. బండెక్కంగనే తెలుస్తది.”

“తెలిస్తే నా పేరు చెప్పండి.”

ఇంట్లో చెప్పకూడదని నాతో అమ్మ అనలేదు. బస్సులో నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, నాకు అర్థమైంది.

షూటింగు రోజున కొండ మీద మేమిద్దరం ఓ బండ పక్కన నిలబడ్డాం. సైలెన్సరు తీసేసిన మా ట్రాక్టరు కొండంతా దద్దరిల్లేట్టు అరిచింది. అరుస్తూ, అరుస్తూ, ఎప్పటి నడకే నడిచింది. టీ డబ్బా కట్టుకున్న ప్రొడక్షన్ కుర్రాడు సైకిల్ మీద దాన్ని దాటిపోయాడు. లైట్లవాళ్లు పగలబడి నవ్వారు. అమ్మ పమిట కొంగుతో నోరు మూసుకుంది. మాస్టరు నాన్నను పక్కకు పిలిచాడు, ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు, మాకేమీ వినబడలేదు. ఎందుకైనా మంచిదని మాస్టరు ముందే ఇంకో ట్రాక్టరు సిద్ధం చేయించి ఉంచాడట, ఎవరో గవర్నర్ విప్పేసినది. కాసేపటికి చూస్తే నాన్న ఒంటి మీది గళ్ల చొక్కా లింగం మామ తొడుక్కుంటున్నాడు. నన్ను చూసి చెయ్యి ఊపాడు.

వాలు మొదట్లో బాగానే వచ్చింది. మలుపు దగ్గర ముందు చక్రాలు లేచాయి. ఆ తరవాత దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు. దుమ్ములోకి అందరికంటే ముందు పరిగెత్తింది నాన్న.

మామ కుడికాలు మోకాలి కింద తీసేశారు. ఇరవై రోజులకు, ఆ ఛేజింగ్‌లో మిగిలిన షాట్లు తీయాలంటూ మా ట్రాక్టర్నే మళ్లీ పిలిచారు. కెమెరాలో ఫిల్మును నెమ్మదిగా తిప్పి తీస్తే తెర మీద ఎంత మెల్లటి బండి అయినా ఎగురుతుందని కెమెరామన్ చెప్పాడట. నాన్న ఎప్పటి నడకే నడిపాడు. హాల్లో అది గాలిలా దూసుకుపోతుంటే జనం ఈలలు వేశారు. మొదటినుంచీ అలాగే తీయొచ్చు, ఆ సంగతి అందరికీ తెలుసు, మాస్టరుకు మాత్రం నిజంగా పరిగెత్తితేనే తృప్తి. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది, కాకపోతే మండటానికి కూడా ఓపిక కావాలి.

ఆనక ఎవరూ మమ్మల్ని వేలెత్తి చూపలేదు. ఎర్రగడ్డలో లింగం మామ చిన్న కిరాణా డబ్బా పెట్టుకున్నాడు. ప్రతి ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక అమ్మ కారియర్ కట్టుకుని అక్కడికి వెళ్లేది, నాన్న వెంట వెళ్లేవాడు. మామ తింటుంటే అమ్మ ఎదురుగా కూర్చునేది, నాన్న బయట అరుగు మీద. ముప్పై ఏళ్లకు పైగా అదే వరస. నా పెళ్లయ్యాక ఒకసారి అమ్మ అంది, “నేను ఆ బండిని ఆపకపోతే లింగం ఎక్కేవాడు కాదే.” అమ్మ మోకాళ్ల మీద ప్రార్థన చేసేప్పుడు పెదాలు కదిలేవి, ఎవరి పేరో నాకు తెలుసు.

ట్రాక్టరు ఎప్పుడో తుక్కు కింద పోయింది. అది నిలబెట్టిన చోట ఇప్పుడు అయిదంతస్తుల ఇల్లుంది. ఆ వాలు లేదు, మలుపు లేదు, బండలు పేల్చే ఈల లేదు. అమ్మ పోయి నాలుగేళ్లు, ఆ మరుసటి వానాకాలం లింగం మామ. కాసిం భాయ్ షెడ్డున్న సందు ఎక్కడుందో పోల్చుకోలేకపోయాను.

నాన్న నా దగ్గరే ఉంటున్నాడు. మొన్న కాలిగోళ్లు తీస్తుంటే, నేనేమీ అడక్కుండానే మొదలుపెట్టాడు.

“సైలెన్సరు పీకితే స్పీడు రాదని నాకు తెలీదా అమ్మడూ. షెడ్డులో స్టార్ట్ చేయగానే తెలిసింది. బతికాననుకున్నా.”

నేను రెండో కాలు ఒళ్లోకి తీసుకున్నాను.

“రెండో బండి కూడా నన్నే ఎక్కమన్నాడు మాస్టరు. నడుం బాలేదు, లింగాన్ని ఎక్కించండి అన్నా. నేనే అన్నా.”

మరి అమ్మకు చెప్పలేదా అని అడిగాను.

“ప్రతి ఆదివారం చెబుదామనే బస్సెక్కేవాణ్ని,” అన్నాడు నాన్న.