ఆయుధపూజ తర్వాత లేజర్ పరీక్ష

2023 అక్టోబరు. గచ్చిబౌలిలో ఒక ఐటీ భవనం రెండో అంతస్తులో మా ఆప్టిక్స్ ల్యాబ్. దూరపు నక్షత్రాలు ఢీకొన్నప్పుడు పుట్టే గురుత్వ తరంగాలను పట్టే పరికరాల మీద పనిచేసే ఒక పరిశోధన బృందానికి, అద్దాన్ని కదలకుండా పట్టుకునే మౌంట్లు తయారు చేసేవాళ్లం.

ఆ పరికరం సూత్రం కష్టమైంది కాదు. సగం వెలుగును వదిలి సగాన్ని తిప్పికొట్టే అద్దం, బీమ్ స్ప్లిటర్, ఒక లేజర్ కిరణాన్ని రెండుగా చీలుస్తుంది. రెండు కిరణాలూ లంబకోణంలో వెళ్లి, చివరి అద్దాలను తాకి, వెనక్కి వచ్చి కలుస్తాయి. ఒకదాన్నొకటి రద్దు చేసుకునేలా సర్దితే, వెలుగును కొలిచే డిటెక్టర్ దగ్గర చీకటి. గురుత్వ తరంగం వస్తే ఒక దారి సాగి, రెండోది కుంచించుకుంటుంది; ఆ చీకట్లోకి కాస్త వెలుగు వస్తుంది. అసలు పరికరంలో దారులు కిలోమీటర్ల పొడవు, అయినా తేడా ప్రోటాన్ కంటే చిన్నది. మా బల్ల మీది నమూనాకు అంత శక్తి లేదు. మౌంట్ కదులుతోందో లేదో చెబుతుంది, అంతే.

ఆ మౌంట్ స్వప్న డిజైన్ చేసింది. కాకినాడ అమ్మాయి, నిజాంపేట హాస్టల్లో ఉండేది. ప్రొబేషన్‌లో ఉంది. మౌంట్ పాసైతేనే ఉద్యోగం ఖాయం. పరీక్షించే పని నాది.

దసరా సెలవుల తర్వాత పరీక్ష పెడితే డిటెక్టర్ దగ్గర వెలుగు మినుకుమంటూనే ఉంది. మౌంట్ మళ్లీ బిగించాను. అద్దం మార్చాను, లేజర్ మార్చాను. లాభం లేదు. మౌంట్ స్థిరంగా లేదని రిపోర్టు రాసి మేనేజర్‌కు పంపాను.

“సెలవులకి ముందు నేను చూసినప్పుడు చీకటిగానే ఉందండి,” అంది స్వప్న.

“సరిగా చూసి ఉండవు.”

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆమె అరగంట డిటెక్టర్ స్క్రీన్ ముందే నిలబడింది.

“లిఫ్ట్ ఆగినప్పుడల్లా వెలుగు పెరుగుతోంది సార్. మౌంట్ ఎంత లూజైనా, లిఫ్ట్ అదురు బల్ల దాకా ఎలా వచ్చిందండి?”

మా బల్ల గాలి నింపిన కాళ్ల మీద తేలుతుంది. నేల అదురు పైకి రాకూడదు.

“ఈ గదిలో ఏమైనా మారిందా?” అన్నాను.

“సెలవులిచ్చే రోజు ఇక్కడ ఆయుధపూజ చేశాం కదండీ.”

నేను పూజకు వెళ్లలేదు. ఆ మార్చిలో నా భార్య పోయింది. ఏడాదిపాటు మాకు పండుగలు లేవు. ఆ గంటసేపు బయట టీ బండి దగ్గర కూర్చున్నాను.

పూజకు గది సర్దిన హౌస్‌కీపింగ్ యాదమ్మను పిలిచి అడిగాం. “బండికైతె టైర్ల కింద నిమ్మకాయలు పెడ్తం గద సార్. దీనికి టైర్లు లెవ్వాయె. గందుకే సందుల కుక్కిన. మంచిగ పట్టినయ్.”

మోకాళ్ల మీద కూర్చుని చూశాను. బల్లకూ కింది ఇనుప ఫ్రేముకూ మధ్య, కుంకుమ పూసిన నాలుగు నిమ్మకాయలు బిగుసుకుని ఉన్నాయి. తేలాల్సిన బల్ల వాటి మీద ఆనుకుని ఉంది.

“గురుత్వ తరంగం కాదండి, నిమ్మకాయ తరంగం,” అంది స్వప్న.

యాదమ్మ నవ్వలేదు. “నా నౌకరి పోతదా సార్?”

“పోదు. ఎవరికైనా చెప్పాల్సింది కదమ్మా?”

“మీరు రాకపోతిరి. వస్తే మిమ్మల్నే అడుగుతుంటి.”

కాయలు తీసేశాం. డిటెక్టర్ దగ్గర చీకటి నిలిచింది. లిఫ్ట్ రెండుసార్లు ఆగినా చెదరలేదు. తప్పు మౌంట్‌ది కాదని, బల్ల చూడకుండా రిపోర్టు రాసింది నేనని మేనేజర్‌కు రాశాను. ఆ నెలాఖరుకు స్వప్న ఉద్యోగం ఖాయమైంది.

అద్దాన్ని, లేజర్‌ను, ఆ అమ్మాయిని అనుమానించాను. నేను లేని గంటలో గదిలో ఏం జరిగిందో మాత్రం రిపోర్టు రాసేముందు అడగలేదు. ఇప్పుడు మా పరీక్ష ఫారంలో మొదటి ప్రశ్న: చివరిసారి ఈ బల్లను ముట్టుకున్నది ఎవరు, వాళ్లతో మాట్లాడారా? ఆ జవాబు రాయకుండా ఎవరి పనినీ ఫెయిల్ చేయను.